పాఠకుల ప్రశ్నలు: గొంతు సవరించుకునే కప్తాను

గత సంచికలో 1951 నాటి ‘కెప్టెన్ హోరేషియో హార్న్‌బ్లోయర్’ చిత్రాన్ని పరిచయం చేశాక వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము. సినిమా చూడనివారి కోసం కథ క్లుప్తంగా ఇది. నెపోలియన్ యుద్ధాల కాలంలో, 1807లో, హార్న్‌బ్లోయర్ అనే బ్రిటిష్ నౌకాదళ కప్తాను 38 ఫిరంగుల ‘లిడియా’ ఓడతో పసిఫిక్ సముద్రంలోకి వెళతాడు. మధ్య అమెరికాలో స్పెయిన్ మీద తిరగబడిన ఒక ఉన్మాద నాయకుడికి ఆయుధాలు అందించడం, అక్కడ తిరుగుతున్న ‘నటివిడాద్’ అనే పెద్ద స్పానిష్ యుద్ధనౌకను అదుపు చేయడం అతనికి అప్పగించిన పని. ఆ పని మధ్యలో లేడీ బార్బరా వెల్లెస్లీ అనే ప్రభు కుటుంబపు స్త్రీ ఓడ ఎక్కుతుంది. ఇంగ్లండు చేరాక ‘సదర్లాండ్’ అనే మరో ఓడ, ఫ్రాన్సు తీరంలో యుద్ధం, చెర, అందులోంచి తప్పించుకురావడం మిగతా కథ.

ప్రశ్న: సినిమా పొడుగునా గ్రెగరీ పెక్ మాటిమాటికీ గొంతు సవరించుకుంటూ ఉంటాడు. అది నటుడి అలవాటా, పాత్ర లక్షణమా? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: పాత్ర లక్షణమే. నవలలు రాసిన సి. ఎస్. ఫారెస్టర్ దీనికి చక్కని కారణం కల్పించాడు. హార్న్‌బ్లోయర్ స్వతహాగా మాట్లాడాలని ఉబలాటపడే మనిషి. ఎక్కువ మాట్లాడే కప్తానుకు ఓడ మీద విలువ ఉండదని నమ్మి, నోటి దాకా వచ్చిన మాటను మింగేసి, దాని బదులు ఒక్కసారి గొంతు సవరించి ఊరుకోవడం నేర్చుకుంటాడు. కాబట్టి ఆ శబ్దం వినిపించిన చోటల్లా అక్కడ ఒక మాట చెప్పకుండా ఆగిపోయిందని మనం అర్థం చేసుకోవాలి. అది భయం కావచ్చు, మెచ్చుకోలు కావచ్చు, ప్రేమ కూడా కావచ్చు.

ఆ కాలపు ఓడ మీద కప్తాను బతుకే అటువంటిది. సుమారు మూడు వందలమంది కిక్కిరిసి ఉండే ఓడలో అతను ఒంటరిగా భోజనం చేస్తాడు. పై తట్టు మీద గాలి వచ్చే వైపు నడవడానికి అతనొక్కడికే హక్కు ఉండేది, అతను అక్కడ ఉన్నంతసేపూ మిగతా అధికారులు రెండో పక్కకు తప్పుకునేవారు. నవలలోని హార్న్‌బ్లోయర్ ఇంకా పిరికి ఊహల మనిషి. ప్రయాణం మొదలైన ప్రతిసారీ అతనికి సముద్రపు వాంతులు పట్టుకుంటాయి, సంగీతం చెవికి ఎక్కదు, పలచబడుతున్న జుట్టు గురించీ పెరుగుతున్న పొట్ట గురించీ లోలోపల కుమిలిపోతుంటాడు. ఆరడుగులు దాటిన పెక్ మీద పొట్ట చింత అతకదని దర్శకుడికి తెలుసు కనుక అవన్నీ వదిలేసి గొంతు సవరింపు ఒక్కటి ఉంచుకున్నాడు. ఆ ఎంపిక నాకు నచ్చింది. నవలలో పేజీల కొద్దీ సాగే ఆత్మనింద ఇక్కడ ఒక్క చిన్న శబ్దంలో ఇమిడింది.

ప్రశ్న: కథానాయకుడు నటివిడాద్ ఓడను ఒకసారి పట్టుకుంటాడు, తానే దాన్ని తిరుగుబాటు నాయకుడికి ఇచ్చేస్తాడు, కొద్దిసేపటికి మళ్లీ దానితోనే యుద్ధం చేసి ముంచేస్తాడు. ఒకే ఓడతో రెండుసార్లు యుద్ధం పెట్టడం కథలో లోపం కాదా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: లోపమని మీకు అనిపించిన ఆ చోటే ఈ సినిమాకు ప్రాణమని నేను అనుకుంటాను. కనుక కొంచెం విపులంగా చెప్పనివ్వండి.

లిడియా బయలుదేరే నాటికి స్పెయిన్ నెపోలియన్ పక్షాన ఉంది, బ్రిటన్‌కు శత్రువు. శత్రువుకు శత్రువు మిత్రుడు గనుక, తనను తాను ‘ఎల్ సుప్రీమో’ అని పిలిపించుకుంటూ దేవుడితో సమానంగా పూజలందుకునే ఆ తిరుగుబాటు నాయకుడికి తోడ్పడమని హార్న్‌బ్లోయర్‌కు ఆజ్ఞ ఉంది. అతనికి ఆ మనిషి మీద అసహ్యమే ఉన్నా ఆజ్ఞను పాటిస్తాడు; రాత్రివేళ లంగరు వేసి ఉన్న నటివిడాద్ మీదికి దొంగచాటుగా ఎక్కి, ఒక్క ఫిరంగి దెబ్బ కూడా తగలకుండా దాన్ని చేజిక్కించుకుని, ఎల్ సుప్రీమో పట్టుబట్టగా అతనికి అప్పగిస్తాడు. ఆ తరువాత ఎదురైన ఒక స్పానిష్ పడవ ద్వారా, ఐరోపాలో పక్షాలు తారుమారై స్పెయిన్ ఇప్పుడు బ్రిటన్‌కు మిత్రదేశమైందని తెలుస్తుంది. అంటే తాను ఆజ్ఞ ప్రకారం చేసిన పనే ఇప్పుడు మిత్రుడికి చేసిన ద్రోహం అయిపోయింది. తన చేతులతో శత్రువుకు ఇచ్చిన 60 ఫిరంగుల ఓడను తన 38 ఫిరంగులతో తానే ముంచాలి.

ఇది రచయిత గారడీ అనుకోకండి, చరిత్రలో దీనికి ఆధారముంది. 1808 మే 2న మాడ్రిడ్ ప్రజలు ఫ్రెంచి సేనల మీద తిరగబడ్డారు; ఆ జూలైలో బ్రిటన్ స్పెయిన్‌తో యుద్ధం ముగిసినట్టు ప్రకటించింది; ఆగస్టులో బ్రిటిష్ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ సేనలు పోర్చుగల్ తీరంలో దిగాయి. తంతి తీగలు లేని ఆ కాలంలో ఈ వార్త ఓడల మీదా గుర్రాల మీదా పనామా దాటి పసిఫిక్ తీరానికి చేరడానికి నెలలు పట్టేది. ఈలోపల అక్కడున్న కప్తాను పాత ఆజ్ఞలే వేదవాక్యంగా పనిచేసుకుపోవాలి, ఆ తరువాత తప్పు తేలితే శిక్షకు కూడా సిద్ధపడాలి. నవలలో లిడియా ఏడు నెలలపాటు నేల కనబడకుండా ప్రయాణించి, నేటి ఎల్ సాల్వడోర్, హోండురాస్, నికరాగ్వా దేశాల నడుమ ఉన్న ఫోన్సెకా సింధుశాఖలోకి సూటిగా చేరుకుంటుంది. ఆ ఏడు నెలలలో ప్రపంచం ఏమైందో ఓడలో ఎవరికీ తెలియదు. కత్తియుద్ధాల సినిమాలలో ప్రతినాయకుడు సాధారణంగా మీసం మెలేసే మనిషి అయి ఉంటాడు. ఇక్కడ అసలు ప్రతినాయకుడు ఆలస్యంగా వచ్చే వార్త.

ఇక రెండో యుద్ధం మొదటిదానికి పునరుక్తి కాదు. మొదటిది చీకటి, నిశ్శబ్దం, చాకచక్యం. రెండోది పట్టపగలు ఫిరంగులతో జరిగే సంహారం. చిన్న ఓడ పెద్దదాన్ని ఎలా గెలుస్తుందో అందులో శ్రద్ధగా చూపించారు. ఓడ ఫిరంగులన్నీ రెండు పక్కలా వరుసగా ఉంటాయి గనుక, ఎదురెదురుగా పక్కలు చూపించి నిలబడితే ఎక్కువ ఫిరంగులున్నదే గెలుస్తుంది. అందుకే హార్న్‌బ్లోయర్ గాలినీ చుక్కానినీ నమ్ముకుని శత్రువు వెనుకకు చేరాలని చూస్తాడు. వెనుక భాగంలో గాజు కిటికీలు తప్ప గట్టి కొయ్య ఉండదు. అక్కడ దూరిన గుండు అడ్డు లేకుండా ఓడ పొడుగునా దూసుకుపోతుంది, శత్రువు పక్క ఫిరంగులు బదులు చెప్పలేవు. మరోసారి చూసినప్పుడు పొగను కాక తెరచాపలను గమనించండి, యుద్ధం ఎవరి చేతికి వస్తున్నదో ఫిరంగులు మోగకముందే తెలిసిపోతుంది.

ప్రశ్న: కొరడా దెబ్బలు మంచివి కావని కప్తాను నమ్ముతాడు కదా, మరి ఆ నావికుణ్ని ఎందుకు కొట్టనిచ్చాడు? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: కింది అధికారి జెరార్డ్ కోపంలో అందరి ఎదుటా ఆ శిక్ష ప్రకటించేశాడు గనుక. కప్తాను దాన్ని రద్దు చేస్తే నావికుడి వీపు దక్కుతుంది, కానీ ఆ క్షణం నుంచి జెరార్డ్ మాటకు ఓడలో ఎవరూ విలువ ఇవ్వరు. అందుకే శిక్ష జరగనిచ్చి, తరువాత జెరార్డ్‌ను విడిగా మందలిస్తాడు: కొరడా చెడ్డవాణ్ని మరింత చెడ్డవాణ్ని చేస్తుంది, మంచివాడి మనసును విరిచేస్తుందని అతని అభిప్రాయం. ఇది న్యాయమా అని మీరు అడిగితే కాదనే అంటాను. దెబ్బలు తిన్నవాడి వైపు నుంచి చూస్తే కప్తాను సిద్ధాంతం అతనికి ఎందుకూ పనికిరాలేదు. ఆ ఇబ్బందిని సినిమా దాచిపెట్టలేదు, అంతవరకు మెచ్చుకోవచ్చు.

ప్రశ్న: నటివిడాద్ మీద పెక్‌తో కత్తి దూసే పొడుగాటి స్పానిష్ కప్తాను ఎవరు? ఎక్కడో చూసిన ముఖంలా ఉంది. (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: క్రిస్టఫర్ లీ. అప్పటికి చిన్న వేషాలు వేసుకుంటున్నాడు. 1958లో డ్రాకులాగా కనిపించాక ఆ ముఖాన్ని ఎవరూ మరచిపోలేదు. అలాగే హారిసన్ అనే పాత్రలో ఉన్నది స్టాన్లీ బేకర్. భారీ కాయంతో నవ్వించే క్విస్ట్ పాత్రధారి జేమ్స్ రాబర్ట్‌సన్ జస్టిస్.

ప్రశ్న: ఇటువంటి వేషానికి ఎరల్ ఫ్లిన్ కదా సరైనవాడు? పెక్‌ను ఎందుకు తీసుకున్నారు? (ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: మీ ఊహ వార్నర్ బ్రదర్స్ సంస్థకూ వచ్చింది. 1935లో సముద్రపు దొంగగా మారిన వైద్యుడి పాత్రతో ఫ్లిన్ ఒక్కసారిగా తారగా మారాడు, ఆ ఊపులోనే వారు హార్న్‌బ్లోయర్ నవలల హక్కులను అతన్ని దృష్టిలో పెట్టుకుని కొన్నారు. సినిమా మొదలయ్యేసరికి ఏళ్లు గడిచాయి, ఫ్లిన్ మునుపటి ఫ్లిన్ కాడు, వేషం పెక్‌కు దక్కింది.

నన్ను అడిగితే ఆ ఆలస్యం సినిమాకు కలిసివచ్చింది. ఫ్లిన్ తాడు పట్టుకుని ఊగితే మనకు ప్రమాదం గుర్తుకు రాదు, ఆనందమే గుర్తుకు వస్తుంది; అది అతని గొప్పదనం. హార్న్‌బ్లోయర్‌కు కావలసింది లోపల లెక్కలు వేసుకుంటున్నట్టు కనిపించే ముఖం. పెక్ 1949లోనే ఒక యుద్ధ చిత్రంలో, సైనికుల ప్రాణాల భారం మోస్తూ కుంగిపోయే విమానదళ అధికారిగా నటించి ఉన్నాడు, ఆ బరువు ఇక్కడికీ వచ్చింది. దర్శకుడు రావుల్ వాల్ష్ సంగతి కూడా చెప్పాలి. మూకీల కాలం నుంచి సాహస చిత్రాలు తీస్తూ వచ్చినవాడు. 1928లో కారు అద్దాన్ని పగులగొట్టుకుంటూ ఒక కుందేలు వచ్చి పడడంతో కుడి కన్ను పోగొట్టుకుని, జీవితాంతం కంటికి నల్ల పట్టీ కట్టుకున్నాడు. నావికుల సినిమాను ఓడదొంగ వేషంలో ఉన్న మనిషే తీసినట్టయింది. కథానాయిక వర్జీనియా మేయో, రచయితలు ఐవన్ గాఫ్, బెన్ రాబర్ట్స్ అంతకు రెండేళ్ల ముందు ఇదే వాల్ష్‌తో ఒక నేరచిత్రానికి పనిచేసినవారు. మేయో ఉచ్చారణలో ఇంగ్లండు ప్రభు కుటుంబం ఛాయలు బొత్తిగా లేవన్నది నిజమే. ఆ ఫిర్యాదును ఒప్పుకుంటాను.

ప్రశ్న: ఆ ఓడలు నిజమైనవేనా? (ఒక విద్యార్థి, వరంగల్)

జవాబు: కొన్ని నిజమైనవి, కొన్ని సగం నిజమైనవి, కొన్ని బొమ్మలు. లండన్ దగ్గరి డెన్‌హాం స్టూడియోలో ఓడ పై తట్టును కట్టారు. దక్షిణ ఫ్రాన్సులోని విల్‌ఫ్రాంష్ రేవు దగ్గర బయటి దృశ్యాలు తీశారు. ఓడలు విరిగి మునిగే దూరపు దృశ్యాలకు నీటి తొట్టెలో నమూనా ఓడలను వాడారు. నమూనాలను పట్టేయడానికి ఒక కిటుకు ఉంది: ఓడను ఎంత చిన్నదిగా చేసినా నీటిబొట్టును చిన్నది చేయలేరు గనుక, అలల తుంపరలు ఓడతో పోలిస్తే మరీ పెద్దవిగా కనిపిస్తాయి. ఛాయాగ్రాహకుడు గై గ్రీన్ అంతకుముందే ఆస్కార్ అందుకున్నవాడు; పొగతోనూ టెక్నికలర్ వర్ణాలతోనూ ఆ తేడాను చాలావరకు కప్పిపుచ్చాడు.

ప్రశ్న: సినిమాలో హార్న్‌బ్లోయర్ ఫ్రెంచి జెండా ఎగరేసి శత్రువు రేవులోకి దూరడం మోసం కాదా? మరొక సంగతి, ఈ నెపోలియన్ కాలపు ఓడ యుద్ధాలు మన తీరానికి ఎప్పుడైనా వచ్చాయా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ ఒకే మనిషి సంబంధించి ఉన్నాడు, కాస్త ఓపిక పట్టండి.

ఆనాటి నౌకాయుద్ధ మర్యాద ప్రకారం పరాయి జెండాతో శత్రువును సమీపించడం తప్పు కాదు. పేల్చే ముందు మాత్రం దాన్ని దించి సొంత జెండా ఎగరేయాలి. దీనికి పేరుపొందిన ఉదాహరణ థామస్ కాక్రేన్. 1801 మే 6న అతను 14 చిన్న ఫిరంగులు, 54 మంది మనుషులు ఉన్న ‘స్పీడీ’ అనే ఓడతో అమెరికా జెండా చాటున దగ్గరికి వెళ్లి, 32 ఫిరంగులు, 319 మంది ఉన్న ‘ఎల్ గామో’ అనే స్పానిష్ ఓడను పట్టుకున్నాడు. స్పీడీ పక్కకు అతుక్కున్నంత దగ్గరగా చేరడంతో గామో గుళ్లు దాని తల మీదుగా పోయాయి. నిజ జీవితంలో హార్న్‌బ్లోయర్‌కు దగ్గరి పోలిక వెతికేవారు మొదట కాక్రేన్ పేరే చెబుతారు. సినిమాలో ఇటువంటి సంఘటన చూసి ఇది నమ్మశక్యంగా లేదనుకునేవారు ఆ అంకెలను మళ్లీ ఒకసారి చదువుకోవాలి.

ఇక మీ రెండు ప్రశ్నలనూ కలిపే ఆ మనిషి, లిన్వా. 1804 ఫిబ్రవరిలో, మలక్కా జలసంధి సమీపంలోని పూలో ఔరా వద్ద, ఫ్రెంచి నౌకాధిపతి లిన్వా 74 ఫిరంగుల ‘మరెంగో’తో వచ్చి, చైనా నుంచి వస్తున్న ఈస్టిండియా కంపెనీ వర్తక ఓడల బారును అడ్డగించాడు. ఆ బారుకు నాయకుడైన నథానియల్ డాన్స్ కొన్ని వర్తక ఓడలకు యుద్ధనౌకల జెండాలు కట్టించి ఎదురు నిలిచాడు. ఇవి నిజంగా యుద్ధనౌకలేనని భ్రమపడి లిన్వా వెనుదిరిగాడు. ఆ అవమానం మోసుకుంటూ తిరుగుతున్న అదే లిన్వా, అదే మరెంగోతో, మరో రెండు ఫ్రిగేట్లను (వేగంగా నడిచే మధ్యరకం యుద్ధనౌకలను) వెంటబెట్టుకుని 1804 సెప్టెంబరు 15న మీ విశాఖపట్నం రేవులోకి వచ్చాడు. అక్కడ 50 ఫిరంగుల ‘సెంచూరియన్’ అనే బ్రిటిష్ ఓడ, దాని రక్షణలో రెండు వర్తక ఓడలు లంగరు వేసి ఉన్నాయి. సెంచూరియన్ తాత్కాలిక కప్తాను జేమ్స్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు; ఓడ మీద ఉన్న లెఫ్టినెంట్ ఫిలిప్స్ యుద్ధం మొదలుపెట్టవలసి వచ్చింది. లిండ్ పడవ వేయించుకుని, పోరు సాగుతుండగానే తన ఓడను చేరుకున్నాడు. వర్తక ఓడల్లో ఒకటి ఒడ్డుకు కొట్టుకుపోయి నాశనమైంది, రెండోది ఫ్రెంచివారికి చిక్కింది. సెంచూరియన్ మాత్రం దెబ్బలు తిని కూడా లొంగలేదు, లిన్వా దాన్ని వదిలి వెళ్లిపోయాడు. సముద్రం ఒడ్డున నిలబడి తన ఓడ మీద గుళ్లు పడుతుంటే చూస్తూ, తెడ్డు వేసేవాళ్లను తొందరపెడుతున్న కప్తాను: ఈ దృశ్యం ఫారెస్టర్ కంటబడి ఉంటే ఏదో ఒక నవలలో వాడుకునేవాడే.

ప్రశ్న: లేడీ బార్బరా వెల్లెస్లీ, మన చరిత్ర పుస్తకాలలోని వెల్లెస్లీ గవర్నర్ జనరల్ కుటుంబమేనా? (ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: అవును, కథ ప్రకారం అతని చెల్లెలే. కానీ ఆమె కల్పిత పాత్ర. వెల్లెస్లీల ఇంట బార్బరా అనే ఆడపడుచు చరిత్రలో లేదు. అన్నల సంగతి మాత్రం మీ జిల్లాకు బాగా దగ్గరిది. పెద్దవాడు రిచర్డ్ గవర్నర్ జనరల్‌గా ఉండగా 1800లో కుదిరిన ఒప్పందంతోనే నిజాం మీ ప్రాంతాన్ని కంపెనీకి వదిలేశాడు, దత్తమండలాలనే పేరు అలా వచ్చింది. తమ్ముడు ఆర్థర్ శ్రీరంగపట్నంలోనూ అస్సాయేలోనూ యుద్ధాలు చేసి, తరువాత వెల్లింగ్టన్ అయ్యాడు. సినిమాలో ఆ ఇంటిపేరు వినబడగానే ఓడ అధికారులంతా సర్దుకుని నిలబడడం, సామాన్య కుటుంబం నుంచి వచ్చిన హార్న్‌బ్లోయర్ బిగుసుకుపోవడం ఈ నేపథ్యంలో చూస్తే ఇంకా బాగా అర్థమవుతాయి.

ప్రశ్న: నవలలు ఏ వరుసలో చదవాలి? సినిమాకూ వాటికీ తేడా చాలా ఉందా? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఏలూరు)

జవాబు: సినిమా మూడు నవలలను కలిపి తీసినది, మొదటిది 1937లో, మిగతా రెండూ 1938లో వచ్చాయి. హాలీవుడ్‌లో సినిమా రచన చేయడానికి వెళ్లి విసిగిపోయిన ఫారెస్టర్, మధ్య అమెరికా రేవులు తిరిగే ఒక సరుకుల ఓడలో ఇంగ్లండుకు తిరిగి వస్తూ ఈ కథను అల్లుకున్నాడు. చివరకు ఆ కథే హాలీవుడ్‌కు చేరడం, దాని చిత్రానుకరణలో అతనికీ చేయి ఉండడం వేరే సంగతి. నాయకుడి తొలి యవ్వనాన్ని చెప్పే నవలలు తరువాత, 1950 నుంచి వచ్చాయి. వయసు వరుసలో కాక, రచయిత రాసిన వరుసలోనే చదవమని నా సలహా. పూర్తిగా ఎదిగిన మనిషిని ముందు కలుసుకుని, అతను అలా ఎందుకయ్యాడో తరువాత తెలుసుకోవడంలో రుచి ఎక్కువ.

తేడాలు ఉన్నాయి. నవలలో సదర్లాండ్ నాలుగు ఫ్రెంచి ఓడలతో ఒంటరిగా పోరాడి, ఇక నిలవలేక లొంగిపోతుంది. సినిమాలో హార్న్‌బ్లోయర్ ఓడను రేవు ముఖద్వారంలో ముంచి శత్రువు దారి మూసేస్తాడు. చెర నుంచి తప్పించుకున్నాక లువార్ నది ఒడ్డున ఒక వృద్ధ ప్రభువు ఇంట గడిపిన చలికాలం నవలలో ఉంది, అది నాకు ఎంతో ఇష్టమైన భాగం. సినిమాకు 117 నిమిషాలే ఉన్నాయి గనుక అది పోయింది. అన్నిటికంటే పెద్ద తేడా అతని భార్య మరియా విషయంలో ఉంది. ఆమె ప్రసవంలో మరణించిన వార్త నవలలలో అతను చెర నుంచి తిరిగి వచ్చాక తెలుస్తుంది. సినిమాలో అంతకు ముందే, లిడియా ఇంగ్లండు చేరినప్పుడే తెలుస్తుంది. అప్పటికి ఆమె పోయి చాలా రోజులైంది, కొడుకు పుట్టి ఉన్నాడు. పసిఫిక్‌లో యుద్ధ వార్త అందక ఒక ఓడను రెండుసార్లు గెలవవలసి వచ్చిన మనిషికి, తన ఇంటి వార్త కూడా అలాగే గుమ్మం దగ్గర కాచుకుని ఉంటుంది. పెక్ అక్కడ గొంతు సవరించుకోడు.